డ్రిల్ తిరుగుతోంది, గోడకు హోల్ పడట్లేదు: కొత్తది కొనేముందు ఇవి చూడండి

"మంచి డ్రిల్లింగ్ మెషీన్ ఏదో చెప్పండి" అని అడిగేవాళ్లలో చాలామంది ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉంటుంది. అది పనిచెయ్యట్లేదని ఇంకొకటి కొంటామంటారు. తెప్పించి చూస్తే ఎక్కువసార్లు మెషీన్‌కు ఏ రోగమూ ఉండదు.

సమస్య: బిట్ తిరుగుతోంది, గోడ మీద గుండ్రటి మచ్చ తప్ప ఏమీ లేదు

ముందు రివర్స్ స్విచ్ చూడండి. ట్రిగ్గర్ పక్కనే ఉంటుంది కాబట్టి మెషీన్ చేతులు మార్చేటప్పుడు వేలు తగిలి అటు పడిపోతుంది. వెనక నుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి. ఇది చెబితే "అంత తెలీదా మాకు" అంటారు, తీరా చూస్తే అదే. రివర్స్‌లో గట్టిగా నొక్కితే బిట్ కొస వేడెక్కి పాడవుతుంది కూడా.

తర్వాత మోడ్. మీట సుత్తి గుర్తు వైపు ఉండాలి. ఆ తర్వాత బిట్. గోడ బిట్‌కు కొసన అడ్డంగా అతికించిన చిన్న గట్టి పలక ఉంటుంది, అది కార్బైడ్. కొస సూదిగా ఉండి, పలక లేకుండా ఉంటే అది ఇనుముకో చెక్కకో వాడే బిట్. కిట్‌లో అన్నీ కలిపి ఇస్తారు, చూసి తీయాల్సింది మనమే.

సమస్య: మొదటి అర అంగుళం వెన్నలా దిగింది, తర్వాత కదలట్లేదు

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. ఆ అర అంగుళం ప్లాస్టరింగ్. దాని వెనక ఇటుక ఉందనుకుంటాం, ఉన్నది కాంక్రీట్.

కర్టెన్ రాడ్ దగ్గర ఇది తప్పకుండా ఎదురవుతుంది. కిటికీ పైన లింటెల్ బీమ్ అనే కాంక్రీట్ దూలం ఉంటుంది, ఎత్తు మామూలుగా ఆరంగుళాలు. క్లాంపులు కిటికీకి మూడు నాలుగు అంగుళాల పైన పెడతాం కాబట్టి సరిగ్గా బీమ్ మధ్యలో పడతాయి. పక్కకు జరిపినా లాభం లేదు, లింటెల్ కిటికీకి అటూ ఇటూ మరో ఆరంగుళాలు గోడలోకి వెళ్లి ఉంటుంది, కొన్ని ఇళ్లలో గోడ పొడుగునా ఉంటుంది. ఇటుక గోడల ఇల్లయితే పరిష్కారం సులువు: క్లాంపులు కిటికీకి ఎనిమిది అంగుళాల పైకి జరపండి. ఇటుక దొరుకుతుంది, కర్టెన్ కాస్త పొడుగు కుట్టించుకుంటే సరి. పైన మళ్లీ స్లాబ్ బీమ్ వచ్చేలా ఉంటే మాత్రం కుదరదు.

హైదరాబాద్‌లో కొత్తగా కట్టే పెద్ద టవర్లలో ఇంకో చిక్కు. చాలావాటిని మైవాన్ షట్టరింగ్‌తో కడుతున్నారు. అంటే అల్యూమినియం అచ్చుల్లో గోడలు, స్లాబ్ అన్నీ కలిపి కాంక్రీట్ పోస్తారు. అక్కడ ఎంత పైకి జరిపినా ఇటుక రాదు, ఎందుకంటే చాలా గోడల్లో ఇటుకే లేదు. పాత ఇంట్లో ఏళ్ల తరబడి బాగా పనిచేసిన డ్రిల్ కొత్త ఫ్లాట్‌లోకి వచ్చాక "పాడైపోవడం" వెనక కథ ఇదే.

కనిపెట్టడం ఎలా? రాలే పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుక, గొడవ లేదు. బూడిద రంగు వస్తే తొందరపడొద్దు, ఫ్లై యాష్ ఇటుక పొడి కూడా అలాగే ఉంటుంది. కానీ అందులో బిట్ దిగుతూనే ఉంటుంది. కాంక్రీట్‌లో కాస్త దిగి, కంకర రాయి తగలగానే ఆగుతుంది. పొడిలో వెండిలా మెరిసే రజను కనిపిస్తే ఇనుప చువ్వ తగిలినట్టు. వెంటనే ఆపి హోల్ ఒక అంగుళం జరపండి. చువ్వను తొలవాలని పంతం పడితే కార్బైడ్ కొస విరుగుతుంది, ఆ బిట్ తర్వాత ఇటుకలోనూ దిగదు. పైగా బీమ్ చువ్వను కోయకూడదు.

కాంక్రీట్‌లో ఆగిపోవడానికి కారణం ఉంది. ఇళ్లలో ఉండే మామూలు ఇంపాక్ట్ డ్రిల్‌లో సుత్తి దెబ్బ లాంటిది నిజంగా ఉండదు. పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎగిరి పడతాయి, బలం మీరు నొక్కేదే. అట్ట పెట్టె మీద నిమిషానికి 40 వేలకు పైగా దెబ్బలని రాసి ఉంటుంది, అది చూసి మోసపోవద్దు. కాంక్రీట్‌కు వాడే రోటరీ హ్యామర్ అనే మెషీన్ కొట్టేది నాలుగైదు వేలే. కానీ లోపల పిస్టన్ ఉంటుంది కాబట్టి ప్రతి దెబ్బా రాయిని పగలగొడుతుంది. వంద చిటికెలు ఒక మొట్టికాయకు సమానం కావు.

అందుకని కొనేముందు గోడ చూసుకోండి. ఇటుక ఇల్లయితే 13 ఎంఎం చక్ (బిట్‌ను బిగించి పట్టుకునే భాగం), 600 వాట్స్ దరిదాపు, స్పీడ్ కంట్రోల్, రివర్స్ ఉన్న ఇంపాక్ట్ డ్రిల్ చాలు. కాంక్రీట్ గోడలైతే రెండు కిలోల తరగతి ఎస్‌డీఎస్ ప్లస్ (గాళ్లున్న బిట్‌ను కీ లేకుండా నొక్కి బిగించే రకం) రోటరీ హ్యామర్ తీసుకోండి. దాని బిట్లు వేరు, పాతవి అందులో పట్టవు. నాలుగు హోల్స్ కోసమే అయితే కొనకండి, ఒక పూటకు అద్దెకు తెచ్చుకోండి.

ఉన్న డ్రిల్‌తోనే కానివ్వాలంటే ముందు 5 ఎంఎం బిట్‌తో మొదలుపెట్టి, తర్వాత 6, ఆపైన 8 వెయ్యండి. స్పీడ్ తగ్గించి గట్టిగా నొక్కండి, మధ్యమధ్యలో బయటికి లాగి పొడి రాల్చండి. రాయి అడ్డొస్తే కాంక్రీట్ మేకు పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పగులుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. కాలిన బిట్‌ను నీళ్లలో ముంచకండి, కొస చిట్లుతుంది.

సమస్య: హోల్ పడింది, ప్లాస్టిక్ ప్లగ్ లూజుగా ఉంది

తెల్లటి తేలిక బ్లాకుల గోడ అయ్యుంటుంది. దానికి హ్యామర్ మోడ్ వద్దు, హోల్ పెద్దదైపోతుంది. మోడ్ మార్చి, ఒక సైజు తక్కువ బిట్ వాడండి.

సమస్య: మోటార్ తిరుగుతోంది, బిట్ ఆగిపోతోంది

చక్ కీని ఒక్క రంధ్రంలోనే తిప్పి వదిలేశారు. మూడింటిలోనూ తిప్పాలి.

సమస్య: ఆగి ఆగి నడుస్తోంది, లోపల నిప్పురవ్వలు ఎక్కువగా వస్తున్నాయి

మోటార్‌కు కరెంటు అందించే చిన్న ముక్కలు, అంటే కార్బన్ బ్రష్‌లు, అరిగాయి. కరెంటు ప్లగ్ పీకి, రెండూ కలిపి మార్చండి. ఖర్చు పెద్దగా ఉండదు. మార్చినా తేడా లేకపోతే పిడి దగ్గర వైరు లోపల తెగి ఉంటుంది.

ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే తీగచుట్ట) కాలడం, గేర్ పళ్లు పోవడం ఇంటి వాడకంలో అరుదు. కాలిన వాసన, పొగ వస్తే ఆర్మేచరే. చౌక మెషీన్‌కు రీవైండింగ్ చేయించడం దండగ.