తైద మాల్ట్‌తో తీపి రసం: కుదరకపోతే కారణమేంది, దిద్దుకునేదెట్లా

బీరు కాచే చోట బార్లీతో చేసే మొదటి సగం పనిని మన తైదలతో (రాగులతో) ఇంట్లోనే చేసుకోవచ్చు. గింజను మొలకెత్తించి, ఎండబెట్టి (ఇలా ఎండిన మొలక గింజనే మాల్ట్ అంటారు), రవ్వ పట్టించి, సరైన వేడి నీళ్లలో ఉంచితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది. చిటికెడు బెల్లం వేయకుండానే తియ్యటి రసం దిగుతుంది. ఇక్కడ చెప్పేది ఆ రసం వరకే. తెలంగాణలో లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడాన్ని 1968 నాటి ఎక్సైజ్ చట్టం నిషేధిస్తుంది, కాబట్టి పులియబెట్టే జోలికి పోవద్దు.

మొదటిసారికి కొలత ఇది: తైద మాల్ట్ రవ్వ 1 కిలో, నీళ్లు 4 లీటర్లు, వడకట్టడానికి కడిగిన వరి ఊక 100 గ్రాములు. 100 డిగ్రీల దాకా చూపే వంటింటి థర్మామీటర్ తప్పనిసరి. వేలు ముంచి అంచనా వేస్తే ఈ పని కాదు. జొన్నలు, మక్కలు, నూకలు రెండోసారికి ఉంచుకోండి. అన్నీ ఒకేసారి కలిపితే తప్పు దేని వల్ల జరిగిందో తేలదు.

రసంలో తీపి లేదు, జావ చిక్కగానే ఉండిపోయింది

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. ముందు అనుమానించాల్సింది వేయించడాన్ని. మొలకలెండాక దోరగా వేయించి పట్టించడం మనకు అలవాటు. జావకు ఆ కమ్మదనం బాగుంటుంది కానీ, పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు పెనం మీదే చచ్చిపోతాయి. దుకాణంలో దొరికే రాగి మాల్ట్ పొడి కూడా వేయించినదైతే ఈ పనికి రాదు. మొలకలను పలచగా పరిచి ఎండకు పెళుసుగా ఎండనివ్వండి, పొయ్యి ఎక్కించకండి. రంగు, వాసన కావాలంటే కిలోలో 100 గ్రాములు మాత్రం విడిగా వేయించి కలపండి. మొత్తం వేయించేసి ఉంటే పారబోయక్కర్లేదు. దాన్ని జావ కాచి 63 డిగ్రీలకు చల్లార్చి, వేయించని మాల్ట్ 300 గ్రాములు కలపండి.

మాల్ట్ మంచిదే అయితే తప్పు వేడిలో ఉంటుంది. ఎంజైములు 60 నుంచి 70 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తాయి, 75 దాటితే త్వరగా చెడిపోతాయి. తైద పిండేమో ఆ వేడిలో పూర్తిగా ఉడకదు. ఉడకని పిండి ఎంజైముకు లొంగదు. బార్లీకి ఈ చిక్కు లేదు, దాని పిండి అంతకన్నా తక్కువ వేడికే మెత్తబడుతుంది. అందుకే బార్లీ పద్ధతిని ఉన్నదున్నట్టు మన గింజలకు వాడితే దెబ్బతింటాం. ఎంజైమును పక్కకు తీసి, పిండిని ఉడికించి, మళ్లీ రెంటినీ కలపాలి.

4 లీటర్ల నీళ్లు 45 డిగ్రీలకు కాచి, రవ్వ పోసి, ఉండలు లేకుండా కలిపి అరగంట ఉంచండి. రవ్వ అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్లు లీటరున్నర, గరిటెతో మెల్లగా వేరే గంజులోకి తీయండి. ఎంజైములు ఆ నీళ్లలోనే ఉంటాయి, దాన్ని పొయ్యి మీద పెట్టొద్దు. అడుగున మిగిలినదాన్ని మందపాటి గిన్నెలో సన్నమంట మీద 15 నిమిషాలు ఉడికించండి. చేయి ఆపితే అడుగంటుతుంది, ఆ మాడు వాసన చివరిదాకా పోదు. ఈ జావను 75 డిగ్రీలకు దించి, తీసి ఉంచిన నీళ్లలోకి కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. నీళ్లనే జావలో పోస్తే మొదట పడ్డ ఎంజైము ఆ వేడికి పాడవుతుంది. అంతా కలిశాక 63 దగ్గర ఆగాలి. 66 దాటేలా ఉంటే చన్నీళ్లు కొద్దిగా చల్లండి.

కలిపిన ఐదు పది నిమిషాల్లోనే తేడా కనిపిస్తుంది. గరిటెకు ముద్దగా పట్టుకున్న జావ జారడం మొదలై, మజ్జిగలా పలచబడుతుంది. అది కనిపిస్తే సగం గెలిచినట్టే. మూతపెట్టి, గంజుకు ఉన్ని దుప్పటి చుట్టి 90 నిమిషాలు వదిలేయండి. మధ్యలో 58కి పడిపోతే సన్నమంట మీద మళ్లీ 63కి తెండి.

పని పూర్తయిందో లేదో నాలుక కన్నా అయోడిన్ బాగా చెబుతుంది. పైన తేరిన రసం ఒక చుక్క తెల్ల పింగాణీ సాసరులో వేసి, చల్లారాక పక్కన మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ చుక్క ఆనించండి. రెండూ కలిసిన అంచు నీలంగా, నల్లగా మారితే పిండి ఇంకా మిగిలుంది, మరో అరగంట ఆగాలి. అయోడిన్ రంగు గోధుమగానే ఉంటే అయిపోయింది. రవ్వ పలుకు పడితే ఎప్పుడైనా నలుపే చూపిస్తుంది, అందుకని తేట మాత్రమే తీయండి. పరీక్షించిన చుక్కను పారబోయండి. బ్రిక్స్ (రసంలో చక్కెర ఎంతుందో చెప్పే కొలత) చూసే రిఫ్రాక్టోమీటర్ ఉన్నవాళ్లకు 8 నుంచి 12 మధ్య వస్తే మొదటిసారికి మంచి ఫలితం.

గింజ సగమే మొలకెత్తింది

పాత గింజ, లేదా పాలిష్ పట్టినది. కొన్నాక ముందు 100 గింజలు తడిగుడ్డలో కట్టి రెండు రోజులు చూడండి. 90కి తగ్గకుండా మొలవాలి. విత్తనాల దుకాణంలో గులాబీ రంగు మందు పట్టించి అమ్మే విత్తనం ఎంత బాగా మొలిచినా తినకూడదు, అది విషం.

మూటలో జిగట, బూజు, దుర్వాసన

వరంగల్, రామగుండం వైపు మే నెలలో 42, 45 డిగ్రీలు మామూలే. ఆ వేడిలో మొలక కన్నా ముందు బూజు లేస్తుంది. గింజను 12 గంటలే నానబెట్టి, ఆ లోపు రెండుసార్లు నీళ్లు మార్చాలి. మూట బిగించి కట్టకుండా వెడల్పు బుట్టలో రెండంగుళాల మందాన పరిచి తడిగుడ్డ కప్పండి. ఆరేడు గంటలకోసారి కడిగి, చేత్తో తిరగేయండి. మొలకలకు ఊపిరాడాలి, లోపలి వేడి బయటికి పోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. ఆదిలాబాద్ చలిలో మాత్రం రెండు రోజుల పని మూడు నాలుగు రోజులు పడుతుంది, తొందరపడొద్దు. బూజు కంటబడితే ఏరిపారేసి మిగతాది వాడుకుందామనుకోకండి, మొత్తం పారేయాల్సిందే.

మొలక అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు ఉన్నప్పుడు ఆపాలి. ఇంకా పెరిగితే రసానికి రావాల్సిన పిండిని మొలకే తినేస్తుంది.

జొన్న మాల్ట్ చేదుగా ఉంది

జొన్న విషయంలో రుచి కన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకోటుంది. లేత జొన్న మేసిన పశువులు కూలిపోవడం రైతులకు తెలిసిందే. మొలకలోనూ అదే పదార్థం ఉంటుంది, దాని నుంచి సైనైడ్ పుడుతుంది. ఎక్కువ భాగం వేరులో, మొలకలోనే ఉంటుంది. బాగా ఎండబెట్టి, గోనెసంచి మీద రుద్ది, చాటతో చెరిగి వేర్లు, మొలకలు ఒక్కటి మిగలకుండా తీసేయాలి. రసాన్ని మూత తీసి మరిగించాలి. పచ్చి జొన్న మొలకలు ఎవరికీ పెట్టొద్దు. తైదలకు ఈ బెడద లేదు, మొదటిసారికి అవే మేలు.

గుడ్డలోంచి రసం దిగడం లేదు

గిర్నిలో మెత్తగా పట్టించారన్నమాట. రవ్వలాగే పట్టమని చెప్పండి. బార్లీకి పొట్టు ఉంటుంది, అదే జల్లెడగా పనిచేస్తుంది. తైదకు అది లేదు. ఆ లోటును ఊక తీరుస్తుంది. రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊకను నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, 90 నిమిషాలయ్యాక జావలో కలిపి, అప్పుడు జాలీలో వడకట్టండి. గుడ్డను పిండితే పిండంతా రసంలోకి దిగుతుంది, దానంతటదే కారనివ్వండి.

వగరు, నాలుక మీద గరుకు

పిప్పి మీద మరిగే నీళ్లు పోసి కడిగితే వగరు దిగుతుంది. ఆ నీళ్లు 75 డిగ్రీలు దాటొద్దు. ఉప్పదనం, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు కూడా కారణమే. గిన్నె అంచున తెల్లటి పొర కట్టే నీళ్లయితే మరిగించి చల్లార్చి, పైన తేట సగం, ఆర్‌వో నీళ్లు సగం వాడండి. అచ్చంగా ఆర్‌వో నీళ్లే వద్దు, ఎంజైముకు కొంత కాల్షియం కావాలి. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితం ఉంటే, జావలో ముంచినప్పుడు 5.2 నుంచి 5.6 చూపాలి. ఎక్కువుంటే నిమ్మరసం చుక్కలు చుక్కలుగా వేసి దించండి.

పులుపు, నురగ

45 డిగ్రీల దశ గంటలు సాగితే పులిపించే బాక్టీరియా దూరుతుంది. అరగంట దాటనీయకండి. వడకట్టిన రసాన్ని వెంటనే 15 నిమిషాలు మరిగించి, నీళ్ల తొట్టిలో గంజు పెట్టి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల్లో తాగేయాలి. నురగొచ్చినా, సీసా మూత ఉబ్బినా అది పులిసిపోతున్నట్టే. బిగించిన గాజు సీసా పగిలే ప్రమాదం ఉంది, మూత జాగ్రత్తగా వదులు చేసి పారబోయండి. ఎక్కువ రోజులుండాలంటే వెడల్పు బాణలిలో సన్నమంట మీద తేనె పాకం వచ్చేదాకా మరిగించి, పొడి సీసాలో పోసి ఫ్రిజ్‌లోనే ఉంచండి.