కోర్సు అయిపోతోందా? షేరింగ్ ఇంటి కౌన్సిల్ టాక్స్ సంగతి ఇప్పుడే చూసుకోండి

సెప్టెంబర్ వస్తోందంటే యూకేలో మన స్టూడెంట్లకు డిసర్టేషన్, పీఎస్‌డబ్ల్యూ (చదువయ్యాక పని చేసుకునే వీసా) అప్లికేషన్, ఇల్లు మారడం అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ హడావిడిలో కౌన్సిల్ టాక్స్, అంటే ఉంటున్న ఇంటికి స్థానిక కౌన్సిల్‌కి కట్టే పన్ను, ఎవరికీ గుర్తుండదు. నాకూ గుర్తులేదు. రెండేళ్ల తర్వాత, పాత ఇంట్లోనే ఉంటున్న ఫ్రెండ్ ఒక కవరు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి "ఒరేయ్, నీ పేరు మీద బెయిలిఫ్ లెటర్ వచ్చింది" అన్నాడు. బెయిలిఫ్ అంటే బాకీ వసూలుకి ఇంటికొచ్చే ఏజెంట్. ఆ రాత్రి నిద్ర లేదు. తర్వాత తేలింది ఏంటంటే, అందులో సగానికి పైగా నేను కట్టక్కర్లేనిదే. మిగతాది సమయానికి కట్టి ఉంటే కోర్టు ఖర్చులు పడేవే కావు.

అందరం పొరబడే చోటు ముందు చెప్తాను. స్టూడెంట్ వీసా ఉన్నన్నాళ్లూ టాక్స్ లేదనుకుంటాం. కౌన్సిల్ చూసేది వీసా కాదు, కోర్సు చివరి తేదీ. ఏడాది మాస్టర్స్ అయ్యాక వీసాలో ఇంకో 4 నెలలు మిగిలి ఉంటాయి కదా, ఆ 4 నెలలూ కౌన్సిల్ లెక్కలో మీరు స్టూడెంట్ కాదు. కోర్సు సెప్టెంబర్ 15తో ముగిస్తే 16 నుంచి మీటర్ తిరుగుతుంది. అందుకే కోర్సు తేదీలున్న కౌన్సిల్ టాక్స్ సర్టిఫికెట్‌ని, స్టూడెంట్ పోర్టల్ లాగిన్ పోకముందే దించుకుని సొంత జీమెయిల్‌కి పంపుకోండి. యూనివర్సిటీ మెయిల్‌లో దాచుకుంటే ఆ మెయిలే మూసేస్తారు.

ఇప్పుడు ఇల్లు. (నేను చెప్పేది ఇంగ్లండ్ సంగతి, స్కాట్లాండ్‌లో వసూలు పద్ధతి వేరు.) నలుగురూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లైతే బిల్లే లేదు, కాకపోతే ఆ విషయం కౌన్సిల్‌కి ఎవరో ఒకరు చెప్పాలి. అందులో ఒకరి కోర్సు జూన్‌లో అయిపోయిందనుకోండి, అప్పటినుంచి బిల్లు ఆ ఒక్కరిదే, అదీ 25 శాతం తగ్గింపుతో. మిగతా ముగ్గురికీ సంబంధం లేదు. సెప్టెంబర్‌లో ఇంకొకరి కోర్సు అయిపోతే తగ్గింపు పోతుంది, పూర్తి బిల్లు ఆ ఇద్దరి మీద పడుతుంది. ఇక్కడే అసలు మెలిక ఉంది. జాయింట్ అగ్రిమెంట్ అయితే సగం సగం అని కౌన్సిల్ పంచదు, ఇద్దరిలో ఎవరినైనా పట్టుకుని మొత్తం అడగొచ్చు. "నా వాటా వాడికి ఇచ్చేశాను" అంటే అది మీ ఇద్దరి మధ్య గొడవ. కాబట్టి హౌస్‌మేట్‌కి డబ్బు పంపితే క్యాష్ వద్దు, బ్యాంకు నుంచే పంపి రిఫరెన్స్‌లో కౌన్సిల్ టాక్స్ అని, ఏ నెలదో రాయండి.

ఏజెంట్ "బిల్స్ అన్నీ కలిపే" అన్నాడని ఊరుకోవద్దు. ఎవరి గదికి వాళ్లు విడిగా అగ్రిమెంట్ రాసుకుని అద్దె కట్టే ఇల్లయితే మామూలుగా కౌన్సిల్‌కి బాధ్యుడు ఓనరే. ఇల్లంతా మీ పేర్ల మీద తీసుకుంటే మాత్రం, ఏజెంట్ ఏం చెప్పినా కౌన్సిల్ మీ దగ్గరకే వస్తుంది, కట్టేసి ఆ తర్వాత ఏజెంట్‌తో మీరు తేల్చుకోవాలి. ఇక మనవాళ్లలో మామూలే, ఒకరు ఇల్లు తీసుకుని మిగతావాళ్లకి కాగితం లేకుండా గదులు ఇవ్వడం. అలాంటి చోట బిల్లు ఆ తీసుకున్నాయన పేరు మీదే రావాలి, కానీ ఆయన వెళ్లిపోతే కౌన్సిల్ ఇంట్లో మిగిలినవాళ్లని అడగొచ్చు. అద్దె కట్టిన బ్యాంకు రికార్డులు, మెసేజ్‌లు పారేయకండి.

ఇల్లు వదిలేరోజు కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మూవ్ అవుట్ ఫారమ్ నింపి కొత్త అడ్రస్ ఇచ్చి, చివరి బిల్లు అడగండి. పదినిమిషాల పని. ఇది చేయకపోతే బిల్లు, రిమైండర్, సమన్లు అన్నీ పాత అడ్రస్‌కే పోతాయి, మీరు చూడకపోయినా చివరికి మెజిస్ట్రేట్ కోర్టులో లయబిలిటీ ఆర్డర్ (బాకీ మీదేనని, వసూలు చేసుకోవచ్చని కోర్టు ఇచ్చే ఆర్డర్) వచ్చేస్తుంది. ఒకసారి అది వచ్చిందంటే జీతంలోంచి కోయమని కౌన్సిల్ మీ కంపెనీకే రాయొచ్చు. క్రెడిట్ స్కోర్‌లో కనపడదు కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. గ్రూపుల్లో తిరిగే "ఆరేళ్లయితే పోతుంది" కూడా సగం నిజమే. బిల్లు ఇచ్చిన 6 ఏళ్లలోపు కౌన్సిల్ కోర్టుకి వెళ్లాలి, అంతవరకే. ఆర్డర్ అప్పటికే ఉంటే ఆ గడువు మీకు పనికిరాదు.

ఇప్పటికే పాత బాకీ లెటర్ వచ్చిందా? భయంతో ఫోన్‌లో కార్డ్ నంబర్ చెప్పేయకండి, చింపి పారేయకండి. బెయిలిఫ్‌కి కాదు, నేరుగా కౌన్సిల్‌కి మెయిల్ రాయండి: ఏ ఇంటికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, బిల్లులో ఎవరెవరి పేర్లున్నాయి, ఆర్డర్ ఎప్పుడు వచ్చింది. సర్టిఫికెట్, అగ్రిమెంట్ జతచేసి, తేలేవరకు వసూలు ఆపమని అడగండి. స్టూడెంట్ మినహాయింపు వెనకటి తేదీలకూ అడగొచ్చు. వాళ్లు ఒప్పుకోకపోయినా, రెండు నెలలు జవాబు లేకపోయినా వాల్యుయేషన్ ట్రిబ్యునల్ (కౌన్సిల్ టాక్స్ అప్పీళ్లు వినే చోటు) ఉంది, ఫీజు లేదు. నిజంగానే బాకీ ఉండి కట్టలేకపోతే సిటిజన్స్ అడ్వైస్ లేదా స్టెప్‌చేంజ్ (అప్పుల మీద సలహా ఇచ్చే సంస్థలు) వాళ్లతో ఉచితంగా మాట్లాడండి. వాళ్ల ద్వారా 60 రోజుల బ్రీతింగ్ స్పేస్ దొరికితే ఆ 60 రోజులూ ఎవరూ వెంటపడరు.

బెయిలిఫ్ దాకా వెళ్తే ఖర్చు ఎలా పెరుగుతుందో చూడండి. 2014 నిబంధనల్లో మొదట పెట్టిన లెక్క ప్రకారం కేసు వాళ్ల చేతికి రాగానే 75 పౌండ్లు, ఇంటికి వస్తే ఇంకో 235 పడేవి. అయినా మొదటిసారి వచ్చినప్పుడు కౌన్సిల్ టాక్స్ కోసం తలుపు పగలగొట్టే అధికారం వాళ్లకి లేదు. తలుపు తీయకుండానే మాట్లాడండి, హౌస్‌మేట్స్‌కీ చెప్పి ఉంచండి. బయట మీ కారు ఉంటే మాత్రం దానికి క్లాంప్ (కదలకుండా చక్రానికి తాళం) వేయొచ్చు, డెలివరీలు చేసేవాళ్లకి అదే పెద్ద దెబ్బ.

నా కేసులో సర్టిఫికెట్ పంపాక స్టూడెంట్‌గా ఉన్న నెలలకి నా పేరు తీసేశారు. మిగిలిన మూడున్నర నెలలు నేనూ, పీఎస్‌డబ్ల్యూలో ఉన్న ఇంకో హౌస్‌మేట్ కలిసి కట్టాల్సినవి. ఆయన నంబర్ మార్చేశాడు. మొత్తం నేనే ఆరు వాయిదాల్లో కట్టాను, ఆయన సగం ఇంకా నాకు రావాలి.