భోగాపురం వైపు విల్లా కొంటున్నారా? క్లబ్ హౌస్ కన్నా ముందు చూడాల్సినవి

విజయనగరం జిల్లా భోగాపురం ఎయిర్‌పోర్టుకు 2023 మేలో శంకుస్థాపన జరిగిన దగ్గర్నుంచి హైవే పొడవునా విల్లాల హోర్డింగులే. 2025 అక్టోబరులో విశాఖకు గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక ఆ ఊపు ఇంకా పెరిగింది. ఇక్కడ అభివృద్ధి నిజమే, నాకు ఆ విషయంలో అనుమానం లేదు. కానీ ఇప్పుడు చెప్తున్న రేటులో ఎయిర్‌పోర్టు వల్ల రాబోయే విలువ కూడా ముందే కలిసిపోయి ఉంటుంది, కాబట్టి ఆ రేటుకు తగ్గ ఇల్లు, తగ్గ నేల వస్తున్నాయా అన్నదే మీరు తేల్చుకోవాలి.

ముందు నేల సంగతి. బ్రోషర్ పక్కన పెట్టి సర్వే నంబర్లు అడగండి. ప్రభుత్వ భూ రికార్డుల సైట్ మీభూమిలో అడంగల్ (సాగు, అనుభవదారు వివరాలు), వన్-బీ (యాజమాన్య రికార్డు) తీసి, ఆ నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల్లో, ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో చూడండి. ఈ తీరంలో జీడి తోటలు, సరుగుడు తోటల మధ్య డి-పట్టా భూములు (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు) కలిసిపోయి ఉంటాయి, పైకి చూస్తే తేడా తెలియదు. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) ఒక్కటే తెచ్చి చూపిస్తే సరిపోదు, కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అంటే పాత చేతులు మారిన దస్తావేజులు, మీ సొంత లాయరుతో చదివించండి. బిల్డరు ఇచ్చిన లాయరుతో వద్దు.

బీచ్ ఫేసింగ్ అంటే మరీ జాగ్రత్త. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) నిబంధనలు ఉంటాయి, గ్రామాల్లోనైతే సాధారణంగా మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలకు అనుమతే దొరకదు. ముక్కాం, చింతపల్లి వైపు చూసేవాళ్లు సీఆర్‌జెడ్ క్లియరెన్స్ కాగితం చేతిలోకి వచ్చాకే మాట్లాడండి.

ప్రీ-లాంచ్ ఆఫర్ అంటూ ఫోన్లు వస్తే టెన్షన్ పడి టోకెన్ ఇచ్చేయకండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనైనా, 8 కన్నా ఎక్కువ ఇళ్లతోనైనా వేసే ప్రాజెక్టును రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు కూడా. లేఅవుట్‌కు విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్డీఏ అనుమతి ఉందా, శ్రీకాకుళం వైపైతే అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ సుడా అనుమతి ఉందా అన్నది వేరే చూడాలి.

ఇక ఇల్లు. మోడల్ విల్లా చూసి మురిసిపోవద్దు, అదే బిల్డరు సముద్రం దగ్గర నాలుగైదేళ్ల క్రితం కట్టిన ఇంటికి వెళ్లండి. సన్‌షేడ్ అడుగున తల పెట్టి చూడండి. అక్కడ ప్లాస్టరింగ్ ఉబ్బి, సన్నటి తుప్పు చార దిగి ఉంటే లోపల ఇనుముకు ఉప్పుగాలి చేరినట్టే. దాని మీద ఎన్ని పూతలు రంగు వేసినా ఆగదు. బాల్కనీ రెయిలింగుకు 316 రకం స్టీలు వాడుతున్నారో, చౌకగా దొరికే 304 వాడుతున్నారో అడిగి అగ్రిమెంటులో రాయించండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు ఈ తీరాన్ని ఎలా ఊపేశాయో మర్చిపోయి నిలువెత్తు అద్దాల గోడలు పెట్టిస్తున్నారు, వాటికి గాలి ఒత్తిడి లెక్కలు ఎవరు వేశారో స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో చూపించమనండి.

నీళ్లు కూడా. మే నెలలో వెళ్లి పక్క ఊళ్లో బోరు నీళ్లు నోట్లో వేసుకోండి, ఉప్పగా ఉంటే రోజూ ట్యాంకర్ల ఖర్చు ఎవరిదో అప్పుడే తేల్చుకోండి. విమానాలు దిగే దారి ఆ స్థలం మీదుగా వెళ్తుందేమో కూడా కనుక్కోండి.

డబ్బు లెక్కలో అందరూ వదిలేసేవి కొన్ని ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఖర్చులు మొత్తం ఏడున్నర శాతం, కట్టుబడిలో ఉన్న లగ్జరీ ఇంటికైతే దానికి తోడు 5 శాతం జీఎస్టీ పడుతుంది. ఇల్లు పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసయోగ్య పత్రం) వచ్చాక కొంటే ఆ జీఎస్టీ ఉండదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి మినహాయించే ఆదాయపు పన్ను) కోసి కట్టాల్సింది కొనేవాళ్లే, అమ్మేవాళ్లు కడతారులే అని ఊరుకుంటే నోటీసు మీకే వస్తుంది.