ఆడిటరు బల్ల మీద సంచి: సమస్యలు, పరిష్కారాలు

శ్రీకాకుళంలో పన్ను రిటర్నులు వేసే ప్రతివారినీ జనం 'ఆడిటరుగారూ' అనే పిలుస్తారు. చార్టర్డ్ అకౌంటెంటుకైనా, నాలాంటి ట్యాక్స్ ప్రాక్టీషనర్‌కైనా అదే పిలుపు. ఆ వెనకే బల్ల మీదికి ఒక సంచి వస్తుంది, ఎప్పుడో పెళ్లి బట్టలు కొన్న దుకాణం సంచి. "అన్నీ ఇందులోనే ఉన్నాయండీ" అని కుర్చీలో చేరగిలబడతారు. ఏళ్ల తరబడి ఆ సంచులు విప్పుతున్నాను. కోపం ఇప్పటికీ వస్తుంది గానీ, అందులో సగం నా మీదే. "కాగితాలన్నీ పట్టుకురండి" అన్నది నేనే కదా. వాళ్లు నిజంగానే అన్నీ తెచ్చారు. ఇది తోటి ప్రాక్టీషనర్ల కోసం రాస్తున్న చిట్టా. సంచి మోసుకొచ్చేవారు చదివినా మేలే.

సంచి నిండుగా ఉంది, కావలసిన కాగితం లేదు

కరెంటు బిల్లులు, గ్యాసు పుస్తకం, అరసవల్లి దేవస్థానం రశీదు, పదేళ్ల నాటి బీమా బాండు ఉంటాయి. జీతంలో కోసిన పన్నుకు ఆఫీసు ఇచ్చే పత్రం, అదే ఫారం 16, మాత్రం ఉండదు.

కారణం: మనవాళ్లు కాగితం విలువను సీలును బట్టి, మందాన్ని బట్టి కడతారు. గుండ్రటి ముద్ర, ఊదారంగు సిరా ఉంటే అది బీరువాలోకి వెళుతుంది. ఫారం 16 కంప్యూటర్‌లోంచి దిగిన పల్చటి కాగితం, సంతకం కూడా డిజిటల్. దాన్ని చూస్తే ఎవరికీ భయభక్తులు కలగవు.

పరిష్కారం: కాగితం పేరు అడగవద్దు, ఇంటి కబుర్లు అడగండి. కిందటి ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా ఏం జరిగింది? ఏదైనా అమ్మారా, కొన్నారా? అప్పు తీర్చారా? ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరిందా? ఇంట్లో ఎవరైనా పోయారా? చివరి ప్రశ్నకు నోరు రాదు, అయినా అడగాలి. భర్త పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పింఛనును జీతంగా కాదు, ఇతర ఆదాయంగా చూపాలి. దానికి తగ్గింపు లెక్క వేరు. పోయిన మనిషి పేరున ఆ ఏడాదికి వారసులు రిటర్ను వేయవలసి రావచ్చు. ఇదంతా ఏ రశీదు మీదా రాసి ఉండదు.

భూమి సంగతి కూడా ఈ ప్రశ్నలకే బయటపడుతుంది. "చిన్న చెక్క అమ్మాం, పొలమే కదా, పన్నులోకి రాదు కదా" అంటారు. పొలమైనంత మాత్రాన సరిపోదు, మున్సిపాలిటీ హద్దు నుంచి అది ఎంత దూరమో చూడాలి. పట్టణ జనాభా పది వేలు దాటి లక్ష లోపైతే 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల లోపైతే 6, ఆపైన 8. ఆ పరిధి దాటి ఉంటేనే అమ్మకం లాభం మీద పన్ను ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం రెండూ 6 కిలోమీటర్ల వరుసలోవే. పైగా ఆ దూరాన్ని రోడ్డు వెంట కాదు, తిన్నగా గీసిన గీత మీద కొలవాలి. బండి మీటరు చూసి "ఎనిమిది కిలోమీటర్లండీ" అన్న ఒకాయన పొలం గీత మీద అయిదే తేలింది. ఆ రోజు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. అమ్మిన దస్తావేజు, కొన్నప్పటి దస్తావేజు, అడంగల్, దూరానికి తహసీల్దారు ఇచ్చే ధ్రువపత్రం ముందే తెప్పించండి.

సంచి బరువు తగ్గించే మందు ఇంకొకటుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, మనం వేరే కోరుకోకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది. అందులో బీమా ప్రీమియం, పిల్లల ఫీజు లెక్కకు రావు. ముందే రెండు విధానాల్లో ఉజ్జాయింపు లెక్క వేయండి. కొత్తదే లాభమైతే సగం సంచి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. ఇంత తేలిగ్గా తేల్చేశారేమిటని ఆయనకు మీ మీద నమ్మకం కాస్త సడలుతుంది. పట్టించుకోవద్దు.

వాట్సాప్‌లో ముప్ఫై ఏడు ఫొటోలు

ఒకదాంట్లో బొటనవేలు, ఇంకొకదాంట్లో మంచం దుప్పటి. అంకెలు మాత్రం మసక. పెద్దది చేసి చూస్తే 3 అనుకున్నది 8.

వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది కాబట్టి డాక్యుమెంటుగా పంపమని చెబుతాం. అది సగం పరిష్కారమే. అసలు కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. చాలామంది దగ్గర పీడీఎఫ్ ఉంటుంది గానీ తెరుచుకోదు. పాస్‌వర్డ్ తెలియక ఎవరి కంప్యూటర్‌లోనో తెరిపించి, ఆ తెరనే ఫొటో తీసి పంపుతారు. అందుకని "తెరవకపోయినా ఫరవాలేదు, ఫైలు ఉన్నది ఉన్నట్లు పంపండి" అనండి. ఆదాయపు పన్ను పోర్టల్ నుంచి దించిన, మన వడ్డీలు, లావాదేవీలు చూపే చిట్టా ఏఐఎస్‌కు పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్, దాని వెంటనే పుట్టిన తేదీ, ఎనిమిది అంకెల్లో. 26ఏఎస్‌కు (మన పేరున జమ అయిన పన్ను వివరాల పత్రం) పుట్టిన తేదీ ఒక్కటే చాలు.

"వడ్డీలు ఏమీ లేవండీ"

ఉంటాయి. బ్యాంకు వడ్డీలోంచి ముందే టీడీఎస్ (మూలంలోనే పట్టుకునే పన్ను) కోసింది కాబట్టి పన్ను కట్టేసినట్లేనని కొందరు, కోయలేదు కాబట్టి పన్నే లేదని ఇంకొందరు అనుకుంటారు. అబద్ధమాడాలని కాదు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏఐఎస్ తెరవండి. అడగకుండానే "ఆ, అది మా ఆవిడ పేరు కూడా ఉన్న డిపాజిట్టు" అని మొదలుపెడతారు.

వెలిసిపోయిన రశీదు

నున్నటి థర్మల్ కాగితం వేడికి, వెలుతురుకు కొన్ని నెలల్లో తెల్లబడుతుంది. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి నల్లబడిపోతుంది. రశీదు చేతికొచ్చిన రోజే ఫొటో తీయాలి, వేరే దారి లేదు.

కాటా చీటీల కట్ట

పలాస, కాశీబుగ్గ వైపు జీడి వ్యాపారులతో పనిచేసేవారికి ఇది తెలిసిన తలనొప్పి. రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట వస్తుంది. ఒక్కో చీటీ మీద '12 బ.' అని, పక్కన మొత్తం సొమ్ము. బస్తా అంటే 80 కిలోలని ఆయనకూ నాకూ తెలుసు. ఎవరి దగ్గర కొన్నారో మాత్రం ఉండదు. అడిగితే "మన రైతేనండీ" అంటారు.

ఆ ఒక్క మాట మీదే రెండు పన్నులు ఆధారపడి ఉన్నాయి. రైతు దగ్గర జీడిపిక్కలు కొంటే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి రివర్స్ ఛార్జి కింద తానే 5 శాతం పన్ను కట్టాలి. ఆ పన్నును తర్వాత క్రెడిట్‌గా వాడుకోవచ్చు. కొన్నది ఇంకో వ్యాపారి దగ్గరైతే లెక్క వేరు. ఇక ఆదాయపు పన్నులో, లెక్కల పుస్తకాలు రాసే వ్యాపారి ఒకరికి ఒకే రోజు రూ.10,000కు మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చును ఒప్పుకోరు. పండించిన రైతుకే నేరుగా ఇచ్చినప్పుడు మినహాయింపు ఉంది. మధ్యలో దళారికి ఇస్తే లేదు. అంటే 'రైతు' అన్న మాట రాయకపోతే జీఎస్టీలో ఒక చిక్కు, ఆదాయపు పన్నులో ఇంకో చిక్కు.

కారణం వ్యాపారి బద్ధకమని చాలాకాలం అనుకున్నాను. సీజనులో కాటా దగ్గర ఒక పూట నిలబడ్డాక అభిప్రాయం మార్చుకున్నాను. బండి వెనక బండి ఆగి ఉంటే పేరు, ఊరు రాసే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇప్పుడు నేనే చీటీ పుస్తకం అచ్చు వేయించి ఇస్తున్నాను. వరుస నంబరు, పేరు, ఊరు, బస్తాలు, ధర, చెల్లించిన తీరు, 'రైతు / వ్యాపారి' అని రెండు గళ్లు. టిక్కు పెడితే చాలు. కింద కార్బన్ ప్రతి ఉంటుంది, అది నెలనెలా నాకు వస్తుంది, ఏడాదికొకసారి కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ ప్రాంతాన్ని చీల్చి వెళ్లింది. తడిసి ముద్దయిన కాగితాల్లో టీడీఎస్ వివరాలు 26ఏఎస్‌లో దొరుకుతాయి, ఖాతా వివరాలు బ్యాంకు ఇస్తుంది. కాటా చీటీకి మాత్రం ఎక్కడా రెండో ప్రతి ఉండదు.

మాస్టారి అరియర్సు

ఉపాధ్యాయులకు పాత బకాయిలు ఒకే ఏడాది జమ అయితే పన్ను ఎగబాకుతుంది. సెక్షన్ 89 కింద ఉపశమనం ఉందని స్టాఫ్ రూములో చెప్పుకొని వస్తారు, ఆ మాట నిజమే. అయితే ఆ ఉపశమనం లెక్క చూపే ఫారం 10ఈ పోర్టల్‌లో దాఖలు చేశాకే రిటర్ను వేయాలి. అది లేకుండా ఉపశమనం చూపితే కొట్టేస్తారు, మాస్టారికి నోటీసు, నాకు ఫోను. ఫారం 16లో బకాయిల మొత్తం ఒక్కటే కనిపిస్తుంది, ఏ ఏడాదిది ఎంతో ఉండదు. జీతం బిల్లులు చేసే అధికారి (డీడీవో) దగ్గర సంవత్సరాలవారీ పట్టిక, ఆయా ఏళ్ల పాత రిటర్నులు తీసుకురమ్మనండి.

ఓటీపీ రాదు, రిఫండు రాదు

ఆధార్‌కు కలిపిన నంబరు కొడుకు దగ్గర ఉంటుంది, ఆ కొడుకు ఓడ మీద ఉంటాడు. 2022 ఆగస్టు 1 నుంచి రిటర్ను వేసిన 30 రోజుల్లో ధ్రువీకరించాలి. ఓటీపీ కుదరకపోతే నెట్ బ్యాంకింగ్ ద్వారా చేయండి, లేదా రిటర్ను ధ్రువీకరణ పత్రం ఐటీఆర్-వీ మీద సంతకం చేసి దాన్ని బెంగళూరుకు పోస్టులో పంపండి. రిఫండు ఆగడానికి తరచు కారణం పాత పాస్‌పుస్తకం మొదటి పేజీ. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఇక్కడి గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు. పుస్తకం అట్ట చూసి పాత బ్యాంకు శాఖ కోడ్ రాయకండి, కొత్త స్టేట్‌మెంటు అడగండి.

జూలై నెలాఖరు రాత్రి గుమ్మంలో ఎనిమిది మంది

కారణం వాళ్లు కాదు, పొడిగింపులు. 2025లో జూలై 31 గడువు సెప్టెంబరు 15కు, ఆఖరి గంటల్లో ఇంకొక రోజుకు జరిగింది. అది చూసినవారు ఇక జూలైని నమ్మరు. గడువు దాటితే ఆలస్య రుసుము రూ.5,000, ఆదాయం అయిదు లక్షల లోపైతే రూ.1,000 అని గోడ మీద రాసిపెట్టాను, ఎవరూ చదవలేదు. జూలై 10 తర్వాత వచ్చే సంచికి నా ఫీజు ఎక్కువ అని రాశాక చదివారు. అలాగని ఏప్రిల్‌లోనే వచ్చే పెద్దలనూ తొందరపడవద్దని పంపేస్తాను. ఆఖరి త్రైమాసికం టీడీఎస్ వివరాలకు గడువు మే 31, ఫారం 16కు జూన్ 15. అంతవరకు చూపించడానికి ఏమీ ఉండదు.

సంచి తిరిగి పట్టుకెళ్లరు

"మీ దగ్గరే భద్రం" అంటారు. ఇప్పుడైతే వాళ్ల ఎదుటే స్కాన్ చేసి, ఏమేం తీసుకున్నానో చీటీ రాసి, అదే రోజు తిరిగి ఇచ్చేస్తున్నాను. పాతవి ఇంకా అటక మీద ఏడు సంచులున్నాయి. ఒకదాని మీద పేరు లేదు. లోపల ఒక శుభలేఖ, రెండు గ్యాసు రశీదులు, అంకెలు పూర్తిగా వెలిసిపోయిన ఏటీఎం చీటీలు కొన్ని. శుభలేఖలో పెళ్లికూతురి ఊరు టెక్కలి అని ఉంది. వాళ్ల తాలూకు ఎవరైనా వస్తారేమోనని అడుగుతూనే ఉన్నాను.