లిఫ్ట్ చేసిన జీప్‌లో స్టీరింగ్ ఊగితే ముందు ట్రాక్ బార్ చూడండి

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసిన జీప్ రాంగ్లర్ జేకే గతుకు తగలగానే స్టీరింగ్ గడగడలాడుతోందా? వెంటనే కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (ఊపును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది) కొనేయకండి. అది ఊపును కప్పిపెడుతుందే తప్ప అసలు లూజును తీయదు. బండి టైర్ల మీదే ఉండగా ఇంజిన్ ఆన్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరిని స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమనండి. మీరు ముందు వైపు ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకు జరగకుండా దాన్ని ఫ్రేమ్‌కు కలిపే రాడ్) రెండు చివరలూ గమనించండి. బోల్టు దగ్గర వెంట్రుకవాసి కదిలినా దొంగ దొరికినట్టే. బోల్టు రంధ్రం కోలగా అరిగిపోతే ఎంత బిగించినా నిలవదు, బ్రాకెట్ బాగుచేయించాల్సిందే. రంధ్రం బాగుంటే బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో 125 ఫుట్ పౌండ్లకు బిగించండి. అప్పటికీ ఆగకపోతే బాల్ జాయింట్లు, టైర్ బ్యాలెన్స్, లిఫ్ట్ వల్ల తగ్గిన క్యాస్టర్ (ముందు చక్రాల స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) చూపించండి.