గిన్నెల చప్పుడు ఆపి, కావలసింది నోటితో అడగడం ఎలా

మా ఇంట్లో నాకు కోపమొస్తే ముందు గిన్నెలకి తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో స్టీలు పళ్లెం కాస్త గట్టిగా పెడితే చాలు, మా ఆయనకి విషయం అర్థమైపోవాలని నా లెక్క. ఆయన వచ్చి "ఏటయ్యిందే?" అంటే "ఏట్లేదు" అనేదాన్ని. ఆయన నిజంగానే ఏమీ లేదనుకుని వెళ్లి పడుకునేవారు. నేను మూడు రోజులు మాట్లాడేదాన్ని కాదు, ఆయనకేమో ఆ మూడు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉన్నట్టు అనిపించేదట (ఈ సంగతి చాలా రోజుల తర్వాత చెప్పారు, నవ్వాలో ఏడవాలో తెలియలేదు).

మాది బొబ్బిలి, అత్తవారిది పలాస దగ్గర ఉద్దానం. రెండు వైపులా తాతల కాలం నుంచీ బాప్టిస్టు సంఘాల్లో పెరిగినవాళ్లమే. వాక్యాలు కంఠతా వచ్చు, కానీ "నాకు ఇది కావాలి" అనే మూడు మాటలు మాత్రం ఇద్దరికీ నోరు పెగిలేవి కావు. ఇప్పుడు సంఘంలో పెళ్లి కుదిరిన పిల్లలు వచ్చి అడిగితే వాళ్లకి ఏం చెప్తున్నానో అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఎదుటి మనిషి స్వభావం చూడండి. కుటుంబ సదస్సుల్లో నాలుగు స్వభావాల పాఠం చెప్తుంటారు: శాంగ్విన్ అంటే కలుపుగోలు మనిషి, కోలరిక్ అంటే అనుకున్న పని ఇప్పుడే అయిపోవాలనేవాళ్లు, మెలంకలిక్ అంటే లోపల్లోపలే నలిగేవాళ్లు, ఫ్లెగ్మాటిక్ అంటే నిదానం, గొడవంటే ఆమడ దూరం. వినడానికి బాగుంటుంది, కానీ ఇది బైబిల్లోంచి వచ్చింది కాదు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరు మీద ఉన్న పాత వైద్యం అది. ఒంట్లో రక్తం, పసుపు పైత్యం, నల్ల పైత్యం, కఫం అని నాలుగు ద్రవాలుంటాయన్నారు, రెండో శతాబ్దంలో గాలెన్ దాన్ని ఇంకా పెంచాడు. మన వాత పిత్త కఫాల్లాంటి లెక్కే. ఒంట్లో ద్రవాన్ని బట్టి గుణం వస్తుందని ఇవాళ్టి వైద్యం ఒప్పుకోదు. కాబట్టి దాన్ని చేతికర్రలా వాడుకోండి, ముద్రలా మాత్రం ఎవరి మొహానా వేయకండి.

నన్నడిగితే, స్వభావం తెలుసుకోవడానికి ఇచ్చే ప్రశ్నల పేపరు కంటే టెన్షన్ వచ్చిన రోజే మనిషి స్వభావం బాగా చెప్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా వైపే తీరం దాటింది. వెలుతురొచ్చి చూసేసరికి జీడిచెట్లు, కొబ్బరిచెట్లు నేల మీదున్నాయి. అత్త వెంటనే గొడ్డలి తీయించి, ఎవరేం చెయ్యాలో అరుస్తూ దారికి అడ్డంగా పడ్డ చెట్టు నరికించింది. మరిది ఊరంతా తిరిగి ఎవరింటి రేకులు లేచిపోయాయో కబుర్లన్నీ తెచ్చాడు, తెమ్మన్న టార్పాలిన్ మాత్రం మర్చిపోయాడు. నేను గుమ్మంలో కూలబడి, మళ్లీ మొక్క నాటితే కాపు ఎప్పటికొస్తుందో లెక్కలేసుకుంటూ ఏడ్చాను. మా ఆయన ఒక్క మాట లేకుండా తడిసిన బియ్యం మంచం మీద దుప్పటేసి ఆరబోశారు, గింజ గింజ విడదీస్తూ. ఈ మనిషికి బాధే లేదా అని ఒళ్లు మండిపోయింది నాకు. కొన్ని రోజుల తర్వాత, ఇంకా కరెంటు రాలేదు, చీకట్లో ఆయనే అన్నారు, "అవి నాన్న ఏసిన చెట్లు" అని. అంతే, అటు తిరిగి పడుకున్నారు.

మీరూ అలాంటి రోజు ఒకటి గుర్తు తెచ్చుకుని, ఇంట్లో ఎవరేం చేశారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు. తర్వాత అడిగేటప్పుడు పనికొస్తుంది.

యోహాను 11వ అధ్యాయంలో లాజరు చనిపోయినప్పుడు, అతని తోబుట్టువుల్లో మార్త యేసుకి ఊరి బయటికి ఎదురెళ్లింది, మరియ ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత ఇద్దరూ యేసుతో అన్నది ఒకే మాట, నువ్విక్కడ ఉంటే మా తోడబుట్టినవాడు చనిపోయేవాడు కాదని. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ ఏడుస్తుంటే చూసి, ఆయనా కన్నీళ్లు పెట్టుకున్నాడు. మీ ఇంట్లో మీరు అందరికీ ఒకే జవాబు ఇస్తున్నారేమో చూసుకోండి.

"నా స్వభావం ఇంతే, సర్దుకోండి" అనేవాళ్లు కూడా ఉంటారు. గలతీ పత్రికలో దీర్ఘశాంతం, ఆశానిగ్రహం ఆత్మ ఫలమని రాశారు, నిదానస్తులకి మాత్రమే అని రాయలేదు కదా.

ఇంక అడగడం. ఎలా అడగకూడదో కూడా మార్తే చూపించింది (లూకా 10). వడ్డన పనిలో చెల్లెలి సాయం కావాలి, కానీ చెల్లెల్ని అడగలేదు, అతిథిగా వచ్చిన యేసుని అడిగింది. అదీ అందరి ముందు. పైగా "నీకు చింత లేదా" అని నిందతో మొదలుపెట్టింది. వంట హడావిడిలో నేనూ అచ్చం అలాగే అంటాను, అందుకే ఆవిడంటే నాకు జాలి.

పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో యేసు తన శిష్యుల్ని ఎలా అడిగాడో చూడండి. ముందు తన లోపల ఎలా ఉందో చెప్పాడు, ప్రాణం పోయేంత దుఃఖంగా ఉందని. ఆ వెంటనే ఏం కావాలో చెప్పాడు, ఇక్కడే ఉండి నాతో పాటు మేలుకుని ఉండండని. మొహం ముడుచుకుని కూర్చుని వాళ్లే అర్థం చేసుకోవాలనుకోలేదు. సమరయ స్త్రీని నీళ్లడిగాడు, సిలువ మీద దాహమన్నాడు. అడిగితే చులకనైపోతామని మనకెవరు నేర్పారో మరి.

పౌలు తన శిష్యుడు తిమోతికి రాసింది ఇంకా నాకు నచ్చుతుంది: త్రోయ ఊళ్లో కర్పు అనే అతని దగ్గర వదిలిన అంగీ తీసుకురా, పుస్తకాలు కూడా, చలికాలం రాకముందే రా. ఏ వస్తువు, ఎవరింట్లో ఉంది, ఎప్పటికి కావాలి, అన్నీ చెప్పేశాడు. మనం కూడా అలాగే కొలత పెట్టి అడగాలి. "మీరెప్పుడూ ఫోన్లోనే ఉంటారు" అంటే అది ఫిర్యాదు, దానికి "నువ్వు ఉండవా" అనే జవాబే వస్తుంది. "పొద్దున్నుంచీ పలకరించే మనిషి లేక దిగులుగా ఉంది, అన్నం తిన్నాక ఓ అరగంట ఫోన్ లోపల పెట్టి అరుగు మీద నాతో కూర్చోండి" అంటే ఎదుటి మనిషికి చెయ్యాల్సిన పని కనిపిస్తుంది.

రాసుకున్న కాగితం ఇక్కడ తీయండి. మా అత్తలాంటి వాళ్ల దగ్గర ఉపోద్ఘాతం వద్దు, "అత్తా, శనివారం పుట్టింటికెళ్లి సోమవారం వస్తాను" అని మొదటి ముక్కలోనే చెప్పేయాలి. మరిది లాంటి వాళ్లు వెంటనే సరే అంటారు, అది నమ్మకండి, రెండోసారి గుర్తు చేయండి. నాలాంటి వాళ్లకి అడిగే ముందు "నీ మీద కోపం లేదు" అని ఒక్క మాట చెప్పాలి, లేకపోతే రాత్రంతా తవ్వుకుంటాం. మా ఆయనలాంటి వాళ్లని గుమ్మంలో చెప్పులు విప్పుతుండగా పట్టుకోవద్దు. విషయం చెప్పి, జవాబు రేపు చెప్పండి అనాలి.

వేళ కూడా ముఖ్యం. ఏలీయా ప్రవక్త చావాలని కోరుకుని చెట్టు కింద పడుకుంటే దూత ముందు రొట్టె, నీళ్లు పెట్టి లేపాడు, తిని మళ్లీ పడుకోనిచ్చాడు. మాటలు ఆ తర్వాతే. సూర్యుడు అస్తమించేలోపు కోపం పోవాలన్న వాక్యం పట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా పంచాయితీ పెట్టేవాళ్లని చూశాను. నాకు తెలిసినంతలో ఆ వాక్యం వదిలేయమన్నది కోపాన్ని, విషయమంతా ఆ రాత్రికే తేల్చమని కాదు. భర్త చెన్నైలోనో హైదరాబాదులోనో పనిలో ఉంటే డ్యూటీ దిగి తిన్నాక ఫోన్ చేయండి, ఒక ఫోన్లో ఒక్క విషయమే అడగండి.

మన క్రైస్తవ ఇళ్లకే ప్రత్యేకమైన రోగాలు రెండున్నాయి. కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకుని "ప్రభువా, ఈ ఇంట్లో కొందరి మొండి హృదయాలు మార్చు" అనడం ఒకటి. ఆ కొందరు పక్కనే మోకాళ్ల మీదున్నారు కదా, వాళ్లతోనే చెప్పండి. రెండోది, మొగుడి సంగతి స్త్రీల కూటంలో ప్రార్థన మనవి పేరుతో చెప్పుకోవడం. మత్తయి 18లో ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని ఉంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. తాగి చెయ్యెత్తడం స్వభావం కాదు, నేరం. అక్కడ మంచిగా అడగడం ఎలా అని ఆలోచించకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, భద్రమైన చోటికి వెళ్లండి. లోబడి ఉండమని ఎవరైనా ఎఫెసీ 5:22 చదివితే, దాని పైనున్న 21వ వచనం, ఒకరికొకరు లోబడమన్నది, అది కూడా చదవమనండి.

సరిగ్గా అడిగినా ప్రతిసారీ దొరకదు. గెత్సేమనేలో ఆ శిష్యులు నిద్రపోయారు. నేను అరగంట అడిగితే మా ఆయనకి మొదటి వారం రెండు రోజులే కుదిరింది. ఒక రాత్రి అరుగు మీద కూర్చున్నాక, మీకేం కావాలో చెప్పండి అని నేనే అడిగాను. చాలాసేపు చెరువు వైపు చూసి "రేపు చెప్తాను" అన్నారు. మర్నాడు చెప్పలేదు. ఆ మరుసటి రోజు పొద్దున్నే చోడి అంబలి తాగుతూ, "నాను ఇంటికొచ్చాక పావుగంట ఎవలూ పలకరించొద్దు, నువ్వు కూడా" అన్నారు.

పావుగంటేనా, నేను ఇన్నేళ్లూ ఇంకేదో అనుకున్నాను.