రోజూ ఉప్మాయేనా అనిపించుకోకుండా టిఫిన్ పెట్టడం ఎలా

ఎండలు ముదిరాయంటే మా ఒడిశాలో బళ్లు పొద్దున పూటకి మారిపోతాయి. ఆరున్నరకల్లా పిల్లలు బడిలో ఉండాలి. రాయగడలో మాలాంటి తెలుగువాళ్ల ఇళ్లలో అప్పుడిక టిఫిన్ అంటే ఉప్మా, కాదంటే పాలల్లో బ్రెడ్డు. ఉప్మా మీద నాకేం పగ లేదు. కానీ అదే మళ్లీ మళ్లీ కనబడితే "ఇయ్యాల కూడా ఇదేనేటమ్మా" అంటూ మా వాడు ప్లేటు వంక చూసే చూపు భరించలేం. దానికోసం గంట ముందు లేవక్కర్లేదు, కొత్త కొత్త వంటలు నేర్చుకోనూ అక్కర్లేదు. ఫ్రిజ్‌లో ఒక పిండి, డబ్బాలో చోడిపిండి, అంటే రాగిపిండి, రాత్రి నానేసిన గింజలు, ఈ మూడూ ఉంటే వారం గడిచిపోతుంది. పక్కింటి ఒడియావాళ్లు వీటితోనే ఏం చేస్తున్నారో కాస్త తొంగిచూడాలి, అంతే.

ముందు పిండి సంగతి. ఇడ్లీకి ఒకటి, దోసెకి ఒకటి అని రెండు రకాలు రుబ్బుకుంటూ కూర్చోకండి. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండున్నర గ్లాసుల బియ్యం, అర చెంచా మెంతులు. ఇక్కడ దుకాణాల్లో అరువా అని అడిగితే పచ్చిబియ్యం ఇస్తారు, అవే వాడండి. కాస్త గట్టిగా రుబ్బి పెట్టుకుంటే కావలసిన రోజు నీళ్లు కలిపి పలచన చేసుకోవచ్చు. పలచనగా రుబ్బిన పిండిని గట్టిపరచడం ఎవరివల్లా కాదు.

మొదటి రోజు పిండి ఇంకా పులుపెక్కదు. ఆ రోజు దోసె కాదు, చకుళి పోయండి. పెనం మీద గరిటెడు పిండి వేసి, దోసెలా బాగా లాగకుండా కొంచెం మందంగా తిప్పి, మూత పెట్టాలి. కరకరలాడాలని చూడకండి, మెత్తగా ఉంటేనే దాని అందం. బెల్లం ముక్కతో ఇచ్చినా పిల్లలు తినేస్తారు. రెండో రోజు బుఢా చకుళి. అదే పిండిలో కొబ్బరి కోరు, బెల్లం తురుము, చిటికెడు యాలకుల పొడి కలిపి, మందపాటి మూకుట్లో రెండు చెంచాల నూనె వేసి, రెండు వేళ్ల మందాన పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద వదిలేయడమే. మన దిబ్బరొట్టె పద్ధతే. పది నిమిషాలకి అంచులు ఎర్రబడి మూకుడు నుంచి వదులుతాయి, అప్పుడు తిప్పాలి. బెల్లం ఉంది కాబట్టి సెగ పెంచారంటే అడుగు మాడి లోపల పచ్చిగా ఉంటుంది. మూకుడు దాని పని అది చేసుకుంటుంటే మనం జడలు వేసుకోవచ్చు, డబ్బాలు సర్దుకోవచ్చు. మూడో రోజుకి పిండి పులుస్తుంది, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, క్యారెట్ తురుము చల్లి ఊతప్పం. చివర మిగిలిన రెండు గరిటెల్లో చోడిపిండి కలిపేస్తే ఇంకో పూట అట్లు.

చోడిపిండి దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇంత మంచి సరుకు చేతికి అందే చోట ఉండి మనం ఓట్స్ పొట్లాలు కొంటున్నాం. చోళ్లని ఇక్కడ మాండియా అంటారు. 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలయ్యాక ప్రభుత్వం మద్దతు ధరకి రైతుల దగ్గర వీటిని కొంటోంది, నవంబర్ 10న మాండియా దివస్ కూడా చేస్తారు. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది. పాలు చూస్తేనే మొహం తిప్పుకునే పిల్లలున్న ఇంట్లో ఇది గుర్తు పెట్టుకోవాలి. చాటికోణలో బుధవారం సంతకి ఎప్పుడైనా వెళ్తే చూడండి, నియమగిరి కొండల మీదనుంచి డొంగ్రియా కొంధు గిరిజనులు దిగి వస్తారు. ఈ కొండల్లో పొలం పనికి వెళ్లేవాళ్లు ఎండు సొరకాయ బుర్రలో మాండియా జావ పోసుకుని పోతారు. మధ్యాహ్నం దాకా వాళ్లకి అదే బలం.

మా పక్కింటి మావుసి, అంటే ఒడియాలో పిన్ని, చేసే చోడిరొట్టె నాకు ఉప్మాని మరిపించింది. ఒక గ్లాసు చోడిపిండిలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, గుప్పెడు మునగాకు, ఉప్పు వేసి, బాగా వేడిగా ఉన్న నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో కలపాలి. చల్లనీళ్లు పోస్తే రొట్టె అంచులు పగిలిపోతాయి. చెయ్యి పెట్టగలిగే వేడికి వచ్చాక మదాయించి, నిమ్మకాయంత ముద్ద తీసుకుని, నూనె రాసిన పచ్చి అడ్డాకు మీద తడి చేత్తో ఒత్తాలి. అడ్డాకు దొరక్కపోతే అరిటాకు ముక్క. ఇప్పుడు ఆకుతో సహా కాలిన పెనం మీద బోర్లించేయండి, రొట్టె కిందకి, ఆకు పైకి. నిమిషం పోయేసరికి ఆకు రంగు మారి, అంచు దగ్గర పట్టుకుని లాగితే దానంతటది ఊడి వస్తుంది. రొట్టె మీద ఆకు ఈనెల గీతలు పడి ఉంటాయి, మా పాప వాటిని లెక్కపెడుతూ తింటుంది. అప్పుడు అర చెంచా నూనె వేసి రెండోవైపు కాల్చాలి. మావుసి అయితే ఆకు తీయకుండా ఇంకాసేపు ఉంచుతుంది, ఆ మాడు వాసన కోసం. నాకూ అదే ఇష్టం, పిల్లలకి మాత్రం నచ్చదు. దీంట్లోకి పెరుగు, ఆవకాయ చాలు, చట్నీ రుబ్బుతూ కూర్చోకండి.

టైమ్ అసలు లేని రోజుకి చోడి అంబలి రాత్రే కాచి పెట్టుకోండి. రెండు చెంచాల పిండి అర గ్లాసు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీళ్లలో పోసి, తిప్పుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడికించడం. పొద్దున మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు కలిపితే అయిపోయింది.

ఇక గింజలు. ఎండు బఠాణీలు ఒక గ్లాసు రాత్రి నానేస్తే పొద్దున ఘుగుని, అంటే బఠాణీ కూర. కుక్కర్‌లో బఠాణీలు, బంగాళాదుంప ముక్కలు, పసుపు, ఉప్పు వేసి నాలుగు విజిల్స్ రానివ్వండి. ఈలోగా పక్క పొయ్యి మీద నూనెలో అర చెంచా పంచ ఫుటణ వేయాలి. జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, కలోంజీ (నల్ల జీలకర్ర) కలిపిన పోపు గింజలవి, ఇక్కడ కిరాణా కొట్లో కలిపే అమ్ముతారు. మెంతులు నల్లబడకముందే ఉల్లిపాయలు వేసేయాలి, లేకపోతే కూరంతా చేదు. తర్వాత అల్లంవెల్లుల్లి, టమాటా, ధనియాల పొడి, కారం. ఉడికిన బఠాణీలు ఇందులో పోసి, ఒక గరిటెడు మెదిపితే పులుసు చిక్కబడుతుంది. చకుళిలోకి కొబ్బరి చట్నీ కంటే ఇదే నాకు నచ్చుతుంది, పప్పు గింజలు కాబట్టి కడుపు కూడా నిలుస్తుంది.

కొంచెం ఎక్కువే చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు వేడి చేసి ముఢీ, అంటే మన మరమరాలు, వాటిమీద పోసుకుంటే వండే పనే లేదు. పైన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం. అందరూ కూర్చున్నాకే పోయాలి, ముందే కలిపి పెడితే ముద్దయిపోతుంది. ఒడియావాళ్లు పైన పచ్చి ఆవనూనె కొన్ని చుక్కలు వేసుకుంటారు. మా ఆయన పార్వతీపురం మనిషి, ఆ ఘాటుకి ఇప్పటికీ మొహం చిట్లిస్తారు.

బఠాణీల బదులు పెసలు నానేస్తే పెసరట్టు, అది మీకు నేను చెప్పక్కర్లేదు. అటుకులు మందంవి కొనండి, కడిగి వార్చి ఐదు నిమిషాలు వదిలితే చాలు. పెరుగు, అరటిపండు, బెల్లం వేస్తే పొయ్యి వెలిగించకుండానే టిఫిన్. సామలతో ఉప్మా కూడా బాగుంటుంది గానీ అరగంట ముందు నానాలి, గ్లాసుకి రెండుంపావు గ్లాసుల నీళ్లు.

మే నెలలో అత్తయ్యగారు చద్దన్నం పెడతారు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోడానికి. ఇక్కడివాళ్లకి అది పఖాళ, మార్చి 20న పఖాళ దివస్ అని పండగలా చేసుకుంటారు. ఎండకి దాన్ని మించింది లేదు. బడి ఉన్న రోజు మాత్రం నేను పిల్లలకి పెట్టనివ్వను. అది తిని వెళ్తే మా వాడు రెండో పీరియడ్‌కే నిద్రపోతున్నాడని వాళ్ల టీచర్‌గారు చెప్పారు. ఆదివారం పెట్టండి అత్తయ్యా, అందరం కలిసి పడుకుందాం అన్నాను.